రవ్వ సంచికి కాళ్లుండవు

నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, వెలిగించిన పొయ్యి ముందు నిలబడి, తూర్పుకు తిరిగి చెప్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. ఎయిర్‌పోర్టు దారిలో టాక్సీలు నడిపేవాళ్లను అడిగితే నా గురించి వేరేగా చెప్పవచ్చు. రన్‌వే కింద మా తాత నాగలి పూడిపోయి ఉందనీ, పెద్ద విమానం దిగినప్పుడల్లా అది కుయ్యిమని మూలుగుతుందనీ వాళ్లకు చెప్పింది నేనే. కాదనను. టిఫిన్ తినేవాడికి చట్నీతో పాటు ఇంకేదో ఒకటి వడ్డించాలి కదా! కానీ ఇది ఆ రకం ముచ్చట కాదు. ఇది కోపంతో రాస్తున్నాను. ఇన్నేళ్లయినా చల్లారని కోపం అది. ఇంత కోపంలో కథలు అల్లే ఓపిక నాకు లేదు.

రెండు వేల పదకొండు ప్రాంతం అనుకోండి. శంషాబాద్‌లో పాత రోడ్డు పక్కన, బస్సులు ఆగే చోటుకు కాస్త ఇవతల మా టిఫిన్ బండి ఉండేది. ఎయిర్‌పోర్టుకు పోయిన భూముల్లో మాదీ కొంత ఉంది. భూమి పోయాక వచ్చినది ఇంటికీ పెళ్లిళ్లకూ అయిపోయింది, చివరికి మిగిలింది మా ఆవిడ చేతి దోశె. ఆ దోశె కోసం షాద్‌నగర్ నుంచి వచ్చే డ్రైవర్లు దారిలో ఇంకెక్కడా ఆగేవారు కాదు. పెనం ముందు ఆవిడ. మిగతాదంతా నేను. నీళ్ల డబ్బాలు మోయడం, ప్లేట్లు అందించడం, సాంబారు బకెట్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ అడిగినవాడికీ అడగనివాడికీ పోయడం, డబ్బులు తీసుకోవడం, మధ్యమధ్య అబద్ధాలు చెప్పడం.

పెళ్లయిన చాలా ఏళ్లకు, ఇక లేరులే అని చుట్టాలంతా ఊరుకున్నాక, మాకు ఆడపిల్ల పుట్టింది. నా గడ్డం అప్పటికే సగం నెరిసింది. మా ఆవిడకు తల్లి లేదు, నాకూ లేదు. పిల్లను ఎవరి దగ్గర వదలాలి? బండి కమ్మికి చీర కట్టి ఉయ్యాల వేశాం. లారీ హారన్ కొట్టినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది. ఆ ఏడుపు ఎంత గట్టిదంటే, దిగాల్సిన విమానం ఒకటి జడిసి ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. దానికి తోడు దుమ్ము. రెండు రోజులకే ఉయ్యాల విప్పేశాం. కూలికి పోయే ఆడవాళ్లలాగా వీపుకు చీరతో కట్టుకుందామని చూసింది మా ఆవిడ. చిన్నప్పటి నుంచీ అలవాటున్న వాళ్లకు అది వస్తుంది, ఆవిడకు రాలేదు. వంగినప్పుడల్లా ముడి జారేది. "పడిపోతదని పానం కొట్టుకుంటుంది, నాతోని కాదు" అని విప్పి పక్కన పెట్టింది.

అందువల్ల పిల్ల ఎడమ చంకలో, అట్లకాడ కుడి చేతిలో. నెలల తరబడి అంతే. ఎడమ మణికట్టు వాచిపోయి గాజు ఎక్కలేదు, దిగలేదు. ఎవరన్నా ఆ చేతిని చూశారా? లేదు. వచ్చినవాడల్లా పిల్ల బుగ్గ గిల్లి, "ఇంకో దోశె, జర కారం ఎక్కువ" అనేవాడు.

ఒక ఉదయం, పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో తుడుస్తుంటే నూనె చుక్క ఒకటి చిట్లి పిల్ల పాదం మీద పడింది. నువ్వుగింజంత బొబ్బ. దవాఖానకు తీసుకుపోతే మందు రాసి పంపారు. బొబ్బ మానిపోయింది కానీ, ఆ కబురు మాత్రం బస్సెక్కి షాద్‌నగర్ చేరింది. అక్కడ మా అక్క ఉంటుంది.

మా అక్క నాకన్నా చాలా పెద్దది. ముగ్గురు కొడుకులను పెంచింది, ముగ్గురూ ఎదిగి పనులకు పోయారు. ఇంట్లో ఎత్తుకోవడానికి ఎవరూ లేరు, అరవడానికి కూడా ఎవరూ లేరు. మరునాడే దిగింది. బండి దగ్గరికి వస్తూనే మొదలుపెట్టింది.

"ఏంది తమ్మీ, పోరిని గూడ పెనం మీద ఏసి తిప్పుతున్రా?"

"చిన్న చుక్క అక్కా. ఏం కాదన్నరు."

"ఏం కాదన్నరా? రేపు సాంబార్ల పడ్డంక మల్ల పోండ్రి, అప్పుడు గూడ ఏం కాదంటరు. పోరిని నేను తోల్కపోత. నడక నేర్చినంక తెచ్చి అప్పజెప్త."

మా ఆవిడ పిండి గరిటె గిన్నెలో వదిలేసింది. "పాలెవరిస్తరు వదినె?"

"డబ్బపాలు లేవా? మా పెద్దోడు డబ్బపాల మీదనే పెరగలేదా? ఎట్లున్నడు సూడు, ఎద్దు లెక్క."

"ఉండనియ్యి. నా పిల్లనైతే నేనియ్య."

"ఇయ్యకుంటే ఏం జేస్తవ్? ఒక చేత పిల్ల, ఒక చేత పొయ్యి. ఎంత కాలం జేస్తవ్ గిట్ల?" అక్క నా వైపు తిరిగింది. "పున్నం దాంక సూస్త తమ్మీ. గీలోపల పిల్లకు సెగ తగలకుంట ఏదన్న జేస్కోండ్రి. లేకుంటే పున్నం నాడు వస్త, పిల్లను తీస్కొని పోత. మల్ల అక్క చెప్పలేదనొద్దు."

మా ఇంట్లో అక్క మాటంటే మాటే. నన్ను పెంచింది ఆమే కాబట్టి ఆమెకు నా మీద హక్కుంది, నా మీద ఉన్న హక్కు నా బిడ్డ మీద కూడా ఉందని ఆమె లెక్క. మా ఆవిడ ఆ రోజు దోశెలన్నీ మాడ్చింది. డ్రైవర్లు నోరెత్తకుండా తిన్నారు.

మేముండే సందు చివర కొత్త అపార్ట్‌మెంట్ ఒకటి లేచింది. అందులో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక మేడమ్ ఉండేవారు. భర్తకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. రోజూ ఇడ్లీలు కట్టించుకుపోయేవారు. మంచి మనిషి. మంచి మనుషుల మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

"ఏమ్మా, పాపని అలా చంకలో వేసుకుని పొయ్యి దగ్గర నిలబడతావేంటమ్మా?" అన్నారు ఒకరోజు. "మా బాబుకి కొన్న బేబీ క్యారియర్ ఉంది. వాడు పెద్దవాడైపోయాడు కదా, ఊరికే మూలన పడుంది. తెచ్చిస్తాను, రెండు చేతులూ ఖాళీ అవుతాయి."

తెచ్చారు. అట్టపెట్టెతో సహా. నీలం రంగు సంచి, దాని మీద జిరాఫీలు. భుజాలకు పట్టీలు, నడుముకు పట్టీ. పిల్లను గుండెల మీద పెట్టుకుని కట్టుకోవాలి. మా ఆవిడ కట్టుకుంది. పిల్ల తల్లి మొహం చూసి నవ్వింది. మేడమ్ చప్పట్లు కొట్టారు. నాకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి, అంత ముద్దుగా ఉంది. ఆ తర్వాత మా ఆవిడ పెనం వైపు ఒక్క అడుగు వేసింది. పిల్ల కాళ్లు రెండూ సరిగ్గా పెనం అంచు మీద వేలాడాయి.

ఒక్క దూకున వెనక్కి వచ్చింది. వెనక నిలబడి చెయ్యి చాపితే అట్లకాడ పెనం సగానికే అందింది. చేతులు ఖాళీ అయిన మాట నిజమే, పెనమే దూరమైంది.

ఆ అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉంది. పచ్చిక మీద నవ్వుతూ నిలబడ్డ ఒకావిడ, గుండె మీద సంచిలో బిడ్డ. ఆవిడ చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. అది చూశాక నాకు కోపం నషాళానికెక్కింది. చేతులు జేబులో పెట్టుకోవడానికి బిడ్డ అడ్డమయ్యే వాళ్ల కోసం తయారైన సరుకు అది! పెనం ముందు నిలబడే మనిషి ఆ కంపెనీవాడి కలలోకి కూడా వచ్చి ఉండదు. బట్టలుతికే మనిషి, కల్లంలో వంగే మనిషి, ఇటుకలు మోసే మనిషి, వీళ్లెవరికీ వాడి దేశంలో పిల్లలు పుట్టరు కాబోలు.

పోనీ తిరిగి ఇచ్చేద్దామా అంటే, ఇచ్చిన మనిషి రోజూ వచ్చి చూస్తారు. "వాడుతున్నారా?" అని అడుగుతారు. వాడటం లేదంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. దాంతో మా బండి దగ్గర కొత్త డ్యూటీ మొదలైంది. సందు మలుపులో మేడమ్ చీర కనపడగానే నేను దగ్గేవాణ్ని. మా ఆవిడ గబగబా పొయ్యి తగ్గించి సంచి తగిలించుకునేది. మేడమ్ వచ్చి, చూసి, మురిసి, ఇడ్లీలు తీసుకుని వెళ్లేవారు. వెంటనే సంచి విప్పి పిల్లను మళ్లీ చంకలో వేసుకోవడం. ఆ కాసేపూ కాళ్లు పెనానికి తగలకుండా మా ఆవిడ విల్లులా వెనక్కి వంగి నిలబడేది. ఒకరోజు నాకు దగ్గు వచ్చి ఆగలేదు, నిజం దగ్గే. ఆవిడ సంచి కట్టుకుని, విప్పి, కట్టుకుని, చివరికి అట్లకాడ నా మీదికి విసిరింది.

ఇక వీపు మీద మోసే రకం కొనాల్సిందే అని తేల్చుకున్నాం. అలాంటివి నగరంలో పెద్ద దుకాణంలో దొరుకుతాయని ఒక డ్రైవర్ చెప్పాడు. అప్పుడే ఒక బంద్ ఉంది, అది అయిపోగానే బయలుదేరాలనుకుంటే, అక్క ఫోన్ చేసి తానూ వస్తానంది. బంద్ నాడు బస్సులుండవని ముందు రోజే వచ్చి కూర్చుంది. బంద్ అయిన మరునాడు, బండి ఇంకో పూట మూసేసి, ముగ్గురం బస్సెక్కాం. పిల్లను తీసుకుపోదామని మా ఆవిడ.

"దుకాన్లకా? గంత మంది నడుమకా?" అంది అక్క. "దిష్టి తగుల్తది. మేడమ్ ఇంట్ల ఉంచు."

రోజూ రోడ్డు పక్కన, ఊరందరి కళ్ల ముందు పెరుగుతున్న పిల్లకు దుకాణంలో దిష్టి తగులుతుందట! అప్పుడే అనాల్సింది. అనలేదు. పిల్లను మేడమ్ ఇంట్లో వదిలి వెళ్లాం. దారిలో బండికి కావాల్సిన ఇడ్లీ రవ్వ ఒక సంచి కొన్నాను, అది చేతిలో ఉంది. ఆ రవ్వే మా కొంప ముంచింది.

దుకాణం పేరు చెప్పను. చల్లటి గాలి, గుండ్రటి దీపాలు. చక్కగా టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు వీపు సంచులు వరసగా చూపించాడు. ఒకటి తీసి మా ఆవిడకు ఇచ్చాడు. "ఒకసారి వేసుకుని చూడండి మేడమ్. ఎవరి వొంటికి ఏది కుదురుతుందో వేసుకుంటేనే తెలుస్తుంది."

మా ఆవిడ పట్టీలో చెయ్యి దూర్చిందో లేదో, అక్క దుకాణమంతా వినపడేలా అరిచింది.

"ఆగు! వట్టి తొట్టెల ఊపుతరా ఎవరన్న?"

కుర్రాడు బిత్తరపోయాడు. నేను వివరించాల్సి వచ్చింది. మా వైపు పిల్ల లేని తొట్టెల ఊపరు. ఊపితే పిల్లకు మంచిది కాదంటారు. మా అక్క దృష్టిలో వీపు సంచి కూడా తొట్టెలే, మోసే తొట్టెల. ఖాళీగా తగిలించుకుని అటూ ఇటూ తిరిగితే ఊపినట్టే.

"అయితే ఇది పెట్టి చూడండమ్మా" అంటూ వాడు అద్దాల బీరువాలోంచి ప్లాస్టిక్ బొమ్మ తెచ్చాడు.

అక్క మొహం చూడాలి. "పానం లేని బొమ్మనా? మా పిల్ల జాగల? నువ్వు మనిషివేనా బిడ్డా?"

కుర్రాడు బొమ్మను వీపు వెనక దాచుకున్నాడు. చుట్టూ జనం పోగయ్యారు. మా ఆవిడ తల వంచుకుంది. అప్పుడు మా అక్క కళ్లు నా చేతిలోని రవ్వ సంచి మీద పడ్డాయి. మొహం వికసించింది.

"గిది పెట్టు. ధాన్యం. ధాన్యం మంచిది."

రవ్వను సంచిలో పెట్టాం. మా ఆవిడ తగిలించుకుంది. దర్జాగా కూర్చుంది రవ్వ. ఇంకోటి తీశాం, అందులోనూ బ్రహ్మాండంగా కూర్చుంది. పెద్దది, చిన్నది, ఇనుప కమ్మీలున్నది, లేనిది, ఏది తగిలించినా రవ్వ ఒదిగిపోయింది. ఎందుకు ఒదగదు! దానికి కాళ్లా, మెడా, మొండితనమా? "పాప ఎన్ని నెలలది సార్?" అని కుర్రాడు మెల్లగా అడగబోయాడు. అక్క చూసిన చూపుకు మాట మింగేశాడు. ఉన్నవాటిలో గట్టిది ఏదో అక్కే తేల్చింది. ఎర్రది, అన్నింటికన్నా పెద్దది, కొండలెక్కేవాళ్లు వేసుకునే బాపతు. "రెండేండ్ల దాంక పనికొస్తది" అంది. పోరిని పున్నానికి తీసుకుపోతానన్న మనిషి, రెండేళ్లకు సరిపడే సంచి ఎంచింది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. కోపంలో ఏవీ వేళకు తట్టవు.

ఇంటికి వచ్చి పిల్లను అందులో కూర్చోబెట్టాం. మునిగిపోయింది. పైన జుట్టు మాత్రం కనపడింది. కాళ్లు రెండూ దూరాల్సిన సందుల దాకా చేరక లోపలే మడతపడ్డాయి. దానికి ఊపిరాడే దారి లేదు. గబుక్కున బయటకు లాగాం. గుక్కపట్టి ఏడుస్తోంది.

"జర పెద్దదైతే సరిపోతది" అంది అక్క.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అక్క ముందు గొంతు పెంచడం నేను చూడలేదు.

"రవ్వకు కాళ్లుంటయా వదినె? రవ్వ ఏడుస్తదా? రవ్వను సూస్కొని సంచి కొన్నం. ఇగ దీంట్ల రవ్వనే మోస్కుంట తిరుగుత, పిల్లను నువ్వు తీస్కపో. గదే కదా నీకు కావాల్సింది?"

అక్క తెల్లబోయింది. ఆ పూట అన్నం తినకుండానే బస్సెక్కింది. "పున్నం నాడు వస్త" అని మాత్రం వాకిట్లో నుంచి చెప్పి మరీ పోయింది. సంచి వాపసు ఇద్దామంటే పిల్ల అప్పటికే దాన్ని తడిపేసింది.

ఆ మరునాడు నేను అందరినీ తిట్టుకుంటూ పనిచేశాను. కంపెనీవాణ్ని, దుకాణంవాణ్ని, అక్కను, జిరాఫీలను. సాంబారు పోస్తూ కూడా గొణుగుతున్నాను. మా ఆవిడ దోశె తిప్పుతూ నన్నే చూస్తోంది.

"ఏమయ్యా, నీ చేతుల్ల ఏమున్నయ్?"

"కనపడ్తలేదా? సాంబార్ బకెట్."

"ఇన్ని దినాల సంది సంచి సంచి అని తిరుగుతున్నం. నాకు పొయ్యి ఇడిసిపెట్టనీకి రాదు. పొయ్యి ముంగట నిలబడితే ఏ సంచి పనికి రాదు, ముంగటైనా ఎనుకైనా. నీకేమున్నది? బకెట్. ఆ బకెట్ తినేటోళ్లకియ్యి. మేడమిచ్చిన సంచి నువ్వు కట్టుకో."

నేను బకెట్ కింద పెట్టాను.

"నేనా?"

"ఏం, నీకు గుండె లేదా?"

బిడ్డ పుట్టినప్పటి నుంచి మేం అన్ని రకాల సంచులనూ ఆవిడ ఒంటి మీదే ఊహించుకున్నాం. నేనూ అంతే, అక్కా అంతే, మేడమూ అంతే, పెట్టె మీద బొమ్మ వేసినవాడూ అంతే. సరైన సంచి ఏదని అడిగాం, ఎవరి ఒంటికని అడగలేదు.

మరునాటి నుంచి బండి తీరే మారిపోయింది. సాంబారు బకెట్ ఒక స్టూలు మీద, చట్నీ గిన్నె దాని పక్కన, గరిటెలు వాటిలోనే. ఎవరిది వాళ్లే పోసుకోవాలి. దోశె తయారైతే మా ఆవిడ ప్లేటులో వేసి పిలుస్తుంది, తినేవాడు లేచి తెచ్చుకోవాలి. నేను ఆ చివర నీళ్ల డబ్బాల దగ్గర, పొయ్యికి దూరంగా, ప్లేట్లు అందిస్తూ డబ్బులు తీసుకుంటాను. గుండె మీద జిరాఫీల సంచి, అందులో నా కూతురు. దానికి నా గడ్డం దొరికింది. ఇక తల్లి జడ గుర్తు రాలేదు.

ఆ సంచితో ఒక చిక్కు ఉంది. పట్టీలను కలిపే క్లిప్పు వీపు మీద, భుజాల నడుమ వస్తుంది. కట్టుకున్నవాడి చెయ్యి అక్కడికి అందదు. సన్నటివాళ్లు ఎలాగో తంటాలు పడతారేమో, నా బొర్రకూ వయసుకూ అది కాని పని. పొద్దున మా ఆవిడే పెట్టాలి, పాలకు ఆవిడే తీయాలి, మళ్లీ ఆవిడే పెట్టాలి.

డ్రైవర్ల నోళ్ల గురించి చెప్పాలా?

"ఏం వదినె, అన్నకు పురుడు పోసినవా?" అన్నాడొకడు.

"అన్నా, పాలు గూడ నువ్వే ఇస్తున్నవా?" ఇంకొకడు.

"మా సాంబార్ మేమే పోసుకోవాల్నా? గిదేం హోటలన్నా?"

"ఎయిర్‌పోర్టు లోపలికి ఎన్నడన్న పోయిన్రా?" అన్నాను. "కోట్లున్నోడు గూడ లైన్ల నిలబడి తన కాఫీ తనే తెచ్చుకుంటడు. మొన్న ఒక మంత్రి తన సాంబార్ తనే పోసుకుంటుంటే నేను కండ్లార సూసిన. మీరేమన్న మంత్రి కంటె ఎక్కువనా?"

"వాళ్ల పైసలు గూడ గట్లనే ఉంటయన్నా. నీ పని మేం జేస్తున్నం, నువ్వు తగ్గించు మల్ల."

నవ్వారు. బాగానే నవ్వారు. నవ్విన ప్రతివాడి ముఖమూ గుర్తుపెట్టుకుని, చట్నీలో పచ్చిమిరపకాయలు దట్టంగా వేయించాను. అందరూ ఒకే గిన్నెలోంచి పోసుకుంటారని ఆలోచించలేదు, నవ్వనివాళ్లు కూడా కళ్ల నీళ్లు పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ నవ్వులు ముళ్లలా గుచ్చుకున్నాయి. ఆడది బిడ్డను చంకనేసుకుని నిప్పు ముందు నిలబడితే ఎవడికీ నవ్వు రాలేదు, జాలీ రాలేదు. అదే బిడ్డ నా గుండె మీదికి వచ్చేసరికి ఊరికి వినోదమైపోయింది. మా ఆవిడ ఎడమ చేతి వాపు మెల్లగా తగ్గసాగింది. అది మాత్రం ఎవడూ చూడలేదు.

పున్నం వచ్చింది. పొద్దున్నే, బండి నిండా జనం ఉన్నప్పుడు, అక్క షాద్‌నగర్ బస్సు దిగింది. చేతిలో ఎయిర్ బ్యాగు. అందులోంచి పాల డబ్బా మూత తొంగి చూస్తోంది. నన్ను చూసి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఆటోవాడు హారన్ కొడితే గానీ కదల్లేదు.

"గిదేంది తమ్మీ? ఏంది నీ అవతారం?"

"పిల్లక్కా."

"పిల్లని తెలుస్తలేదా నాకు? మన నాయిన ఎన్నడన్న గిట్ల పిల్లలను కట్టుకొని నిలబడ్డడా? నల్గుర్ల పరువు తీస్తున్నవ్."

"నాయినకు పొలం ఉండె అక్కా. నేను గీ రోడ్డు మీదనే బతకాలె."

"మస్తు మాటలు నేర్చినవ్. ఇప్పు. పిల్లను ఇటియ్యి."

"నాకు రాదు. క్లిప్పు ఎనుకుంది, చెయ్యి అందది."

అక్క నా వెనక్కి వచ్చింది. పట్టీ పట్టుకుని లాగింది. ఆ క్లిప్పును రెండు వైపులా ఒక్కసారే నొక్కాలి, లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆమె లాగిన ప్రతిసారీ నేను రెండడుగులు వెనక్కి పోయాను. పిల్లకు అది ఆట అనిపించి కిలకిలా నవ్వడం మొదలుపెట్టింది. ప్లేట్లు చేతుల్లో పట్టుకుని డ్రైవర్లు గుండ్రంగా నిలబడ్డారు.

"పెద్దక్కా, జర మెల్లగ. అన్న ఇరుగుతడు."

"నోర్ముయ్. తినుపో నువ్వు." అక్క రొప్పుతూ మా ఆవిడ వైపు తిరిగింది. "ఓ పిల్లా, వచ్చి ఇప్పు."

మా ఆవిడ పెనం మీద పిండి పోసింది. గరిటె అడుగుతో చుట్టూ తిప్పింది. అంచుల వెంట నూనె వేసింది. తల ఎత్తలేదు.

"ఇప్ప."

"ఏమంటివి?"

"ఇప్ప వదినె. పిల్లకు సెగ తగలకుంట ఏదన్న జేస్కోమంటివి, జేస్కున్నం. పొయ్యి ఈడున్నది, పిల్ల ఆడున్నది. నడుమ ఎంత జాగ ఉన్నదో సూస్కో. ఇంకేం జెయ్యాలె నేను?"

"మగోని పరువు..."

"మగోని పరువు మగోడు సూస్కుంటడు. నా చెయ్యి నువ్వు సూసినవా ఎన్నడన్న?" ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. గాజు కిందికి జారింది. "నడక నేర్చినంక తెస్తనంటివి. అది తొలి అడుగు ఏసేటప్పుడు నేను ఈడ్నే ఉండాలె, షాద్‌నగర్ల కాదు. పిల్ల నాది. నేనియ్య. ఇగ టిఫిన్ తినుపో. ప్లేటు నువ్వే తెచ్చుకోవాలె."

దోశె చుయ్యిమంది. మా ఆవిడ దాన్ని మడిచి ప్లేటులో వేసి బల్ల మీద పెట్టింది. అక్క ఆ ప్లేటు వైపు చూసింది, నా వైపు చూసింది, నా గుండె మీద గడ్డం లాగుతున్న పిల్ల వైపు చూసింది. ఎయిర్ బ్యాగు భుజానికి వేసుకుంది. అప్పుడే షాద్‌నగర్ పోయే బస్సు వచ్చి ఆగింది. ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని కూడా మా వైపు తిరగలేదు. బస్సు కదిలి, మలుపు దాటి పోయింది. పిల్ల మా దగ్గరే ఉంది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టాను కాబట్టి ఒప్పుకోవాలి. ఒకటి కల్పించాను. మంత్రి సంగతి కాదు, అది డ్రైవర్లకు చెప్పింది కాబట్టి ఇందులో లెక్కకు రాదు. నేను కల్పించింది ఆ బస్సును.

బస్సు వచ్చిన మాట నిజమే. అక్క ఎక్కలేదు. వెళ్లి ఆ ప్లేటు తెచ్చుకుంది. సాంబారు తనే పోసుకుంది. బల్ల చివర కూర్చుని దోశె తినేసింది. బండి కట్టేసే దాకా అక్కడే ఉంది. మా ఆవిడ పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, నా వీపు మీద క్లిప్పు తీసింది. పిల్లను తీసుకుపోయి తనే అక్క ఒడిలో పెట్టింది. పిల్ల అక్క కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది. ఎండ బల్ల మీదికి పాకే దాకా అక్క కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి, పిల్లను మా ఆవిడ చేతికి అందించి, "గా సంచి జర ఉతికి పిండుండ్రి, పాల వాసనొస్తుంది" అని, పాల డబ్బా బల్ల మీదే వదిలేసి పోయింది.

అదీ నిజం. అయితే చెప్పండి, నా కోపాన్ని నేనేం చేసుకోవాలి? ఆమె పిల్లను లాక్కోవాలని చూసి, కుదరక బస్సెక్కి పోయి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది! తిరిగి ఇచ్చేసిన మనిషి మీద కోపం ఎలా నిలబెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే బస్సెక్కించాను. ఒట్టు తప్పినా సరే, ఆమెను దింపను.